ఇంగువ డబ్బాలో బీపీ మాత్ర

మా దేవకమ్మకు మతిమరుపు అని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. మతిమరుపా? మా పెళ్ళి పందిట్లో మా మేనత్త ఏ రంగు చీర కట్టుకొచ్చిందో, ఆ చీర మీద సాంబారు ఒలకబోసినవాడెవడో ఇవాళ్టికీ చెప్తుంది. పక్కింటి నాగులమ్మ మనవడికి మొదటి పన్ను ఎప్పుడొచ్చిందో నాగులమ్మకు గుర్తుండదు, మా ఇంటికొచ్చి ఈమెను అడిగి పోతుంది. అంత జ్ఞాపకమున్న మనిషికి బీపీ మాత్ర ఒక్కటే గుర్తుండదు. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. అంతకన్నా ఏముంది చెప్పండి?

చిత్తూరు డాక్టరమ్మ ఊరికే భయపెట్టే రకం కాదు. "ఈమెకు బీపీ చాలా ఎక్కువ. మాత్ర మానితే ఏదో ఒకరోజు చెయ్యి పడిపోవచ్చు, మాట పడిపోవచ్చు, మనిషే దక్కకపోవచ్చు" అని నా ముందే చెప్పింది. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు భయం. నాకు భయమేస్తే అరుపు వస్తుంది, ఏం చేయను!

నా సంగతి కూడా చెప్పాలి కదా. నా పేరు ఏకాంబరం. ఐరాల దగ్గర పల్లె మాది. కాస్త చెరుకు, కొన్ని మామిడి చెట్లు, ఒక ఆవు. ఏకాంబరానికి కోపమెక్కువ అంటారు ఊళ్ళో. కోపం కాదు, అది గొంతు. చెరుకు తోటలో ఆ కొసన నీళ్ళకు మడవ కట్టే మనిషిని ఈ కొసన నిలబడి పిలిచి పిలిచి అలా తయారైంది. మా నరేంద్ర చిత్తూరులో మోటార్ల షాపులో పని చేస్తాడు, రోజూ బండి మీద పోయి వస్తాడు. కోడలు జాహ్నవి ఐరాలలో ఒక బడిలో టీచరు. అందరం ఒకే ఇంట్లో ఉంటాం. ఇంతమంది ఉండి ఒక్క మనిషి చేత మాత్ర మింగించలేకపోతున్నామే అని నా మంట.

మొదట్లో ఆ బాధ్యత నేనే తీసుకున్నాను.

"మే, మాత్ర ఏసుకుంటివా?" అని ఇంటి ముందు తిన్నె మీద నుంచి అరిచేవాణ్ణి.

"ఏసుకుంటి" అని లోపలి నుంచి జవాబు వచ్చేది.

నేను ఊరుకుంటానా? లేచి పోయి చూస్తే మాత్ర పొయ్యి గట్టు మీద నన్నే చూస్తూ ఉండేది.

"ఇదేంది మే, ఈడే ఉండాది?"

"అదా! నీకు కాఫీ కలిపిచ్చి ఏసుకుందామని పెడితిని. అంతలో దూడ అరిచె. దాని కాడికి పోతిని. ఇంగ ఎవురికి గుర్తుంటాది?"

రోజూ ఏదో ఒకటి. కాఫీ, దూడ, నాగులమ్మ, కోడలి టిఫిన్ డబ్బా, నా తువ్వాలు. ఒకరోజు ఇక లాభం లేదని మాత్ర ఒక చేత్తో, నీళ్ళ చెంబు ఒక చేత్తో పట్టుకుని కొట్టంలోకే పోయాను. దేవకమ్మ ఆవు పొదుగు కడుగుతోంది. నెత్తి మీద నిలబడి "మింగు" అన్నాను. వినలేదు. ఇంకొంచెం గట్టిగా అన్నాను. ఆవు బెదిరి కాలు విదిలించింది.

ఆమె లేచి నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "నన్నేమన్నా గొడ్డనుకున్నావా? ఎదురు గొట్టం తెచ్చి నోట్లో పెట్టి పోస్తావా ఏంది? అసలు నాకీ బీపీ వచ్చిందే నీ గొంతుకు!"

గొడ్లకు జబ్బు చేస్తే మేం వెదురు గొట్టంతోనే మందు పోస్తాం లెండి. గుమ్మంలో నిలబడి జాహ్నవి కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతోంది. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ తర్వాత మేమిద్దరం మాట్లాడుకోలేదు. కాఫీ మానలేదనుకోండి, కానీ గ్లాసు టక్కుమని పెట్టి పోయేది.

అప్పుడు జాహ్నవి నా దగ్గరకొచ్చింది. "మామా, మీరింగ మాత్ర మాటెత్తొద్దు. మీరు అరిస్తే అత్త మొండికేస్తాది. నాకొదిలేయండి" అంది. ఆ పిల్ల ఏం కనిపెట్టిందంటే, అత్త ఏం మర్చిపోయినా ఆవును మర్చిపోదు. జ్వరమొచ్చినా, వాన పడినా, ఇంట్లో పెళ్ళి జరుగుతున్నా రెండు పూటలా పాలు పిండి, క్యాను పట్టుకుని పాల సెంటర్‌కు పోయి తీరుతుంది. అందుకని ఖాళీ ఇంగువ డబ్బా ఒకటి కడిగి, ఆరబెట్టి, మాత్రల అట్ట దాంట్లో పెట్టి, పాల క్యాను పిడికి దారంతో కట్టింది.

"అత్తా, పాలు క్యాన్లో పోసేటప్పుడు డబ్బా చేతికి తగలతాది. మాత్ర మింగినాకే సెంటర్‌కు పోవల్ల. సరేనా?"

"సరేలే పాపా" అంది దేవకమ్మ. నేను చెప్పుంటే అనేదా ఆ మాట?

ఎంత కడిగినా ఇంగువ వాసన పోలేదు. మొదటి రోజు మింగి, "మాత్ర మాదిరి లేదు, రసం తాగినట్టుండాది" అంది. సెంటర్ దగ్గర వరసలో నిలబడ్డ అలివేలమ్మ, "ఏం దేవకమ్మా, పాలల్లో ఇంగువ కలపతా ఉండావా?" అని అడిగిందట. "కలిపితే నీ నీళ్ళ పాలకన్నా రుచిగానే ఉంటాయిలే" అని మావిడ జవాబు. ఊరంతా నవ్వుకున్నారు.

నమ్మండి, ఆ ఇంగువ డబ్బా మా ఇంటికి శాంతి తెచ్చింది. ఆవు అరిస్తే పాలు, పాలతో పాటు మాత్ర. ఒక్క పూట తప్పలేదు. చిత్తూరుకు పోతే డాక్టరమ్మ బీపీ చూసి మెచ్చుకుంది. నేను ఇచ్చిన మాట ప్రకారం మాత్ర పేరెత్తలేదు. నోటి దాకా వచ్చినా మింగేసేవాణ్ణి.

తర్వాత మా గంగకు ఏడో నెల వచ్చింది. గంగంటే మా ఆవే. చూడి ఆవుకు ఈనబోయే ముందు పాలు పిండడం ఆపేయాలి, లేకపోతే కడుపులో దూడకు బలం రాదు. "ఇంగ చాలుమా, దానికి రొంత రెస్టియ్యి" అన్నాడు నరేంద్ర. దేవకమ్మ గంగ మెడ నిమిరి, క్యాను శుభ్రంగా తోమి, కొట్టంలో అటక మీద బోర్లించింది. డబ్బా దాని పిడికే ఉంది. అదీ బోర్లపడింది.

మాత్రను ఆవుకు కట్టాం కదా, ఆవు ఆగితే మాత్ర కూడా ఆగుతుందని ఇంట్లో ఒక్కరికీ తట్టలేదు. నేనేమో మాటెత్తనని మాటిచ్చాను. జాహ్నవేమో అత్తకు అలవాటైపోయిందిలే అనుకుంది. ఇక ఆమె గురించి చెప్పేదేముంది, క్యాను చేతికి రాలేదు, మాత్ర మనసుకు రాలేదు.

ఒక మధ్యాహ్నం తోట నుంచి వచ్చేసరికి దేవకమ్మ తిన్నె మీద కూర్చుని ఉంది. ఆ వేళప్పుడు ఊరికే కూర్చునే మనిషి కాదు. కాళ్ళ దగ్గర చెంబు దొర్లి ఉంది, నీళ్ళన్నీ ఒలికిపోయాయి.

"ఏమ్మే, ఏమయింది?"

ఏదో చెప్పింది. మాట ముద్దముద్దగా వచ్చింది. పెదవి ఒక పక్కకు లాగినట్టుంది. ఎడమ చెయ్యి ఒళ్ళో పడి ఉంది, ఎత్తమంటే ఎత్తలేకపోయింది. నేను అరిచాను. ఏమని అరిచానో నాకే తెలియదు. నాగులమ్మ పరుగెత్తుకొచ్చింది, వీధి చివర మునిప్రసాద్ తన ఆటో తీశాడు. చిత్తూరు దాకా ఆ చేతిని నా చేతుల్లో పెట్టుకుని పిసుకుతూనే ఉన్నాను. స్వామీ, దీన్ని నాకొదిలెయ్, ఇంక జన్మలో దీని మీద గొంతెత్తను అని మొక్కుకున్నాను.

స్వామి దయ. ఆస్పత్రిలో సూదులు వేశాక, పొద్దుగూకేసరికి వేళ్ళు కదిలాయి. మాట కూడా సర్దుకుంది. మొదటి మాట ఏమిటో తెలుసా? "గంగకు కుడితి పెట్టినారా?" అని.

డాక్టరమ్మ వచ్చి మంచం పక్కన నిలబడింది. "మాత్రలు ఎప్పటి నుంచి మానేశారమ్మా?"

"నేను మానలేదమ్మా. గంగ పాలియ్యడం మానింది కదా, అప్పట్నించి ఏసుకోలేదు."

"గంగ ఎవరు?"

"మా ఆవు."

డాక్టరమ్మ నా వైపు తిరిగింది. ఇంగువ డబ్బా దగ్గర నుంచి మొత్తం చెప్పుకొచ్చాను. నవ్వుతుందేమో అనుకున్నాను, నవ్వలేదు. "ఈసారి చెయ్యి తిరిగొచ్చింది పెద్దాయనా. ప్రతిసారీ రాదు" అంది.

జాహ్నవి గోడకానుకుని ఏడుస్తోంది. "నేనే అత్తా, ఆ డబ్బా అట్ల కట్టింది నేనే." దేవకమ్మ ఆ పిల్లను దగ్గరకు పిలిచి, అదే ఎడమ చేత్తో కళ్ళు తుడిచింది. "నీదేం తప్పు పాపా? గంగది కూడా కాదు. కడుపుతో ఉండేదాన్ని ఏమంటాము?" అంది.

ఇంటికొచ్చాక అందరూ తలా ఒక ఉపాయం పట్టారు. నరేంద్ర వాళ్ళమ్మ ఫోన్లో అలారం పెట్టాడు. మర్నాడు నేను తోటలో ఉంటే ఈమె ఫోను పట్టుకుని, ఎండలో గట్టు వెంట వచ్చేస్తోంది. "ఎవురో పిలస్తానే ఉండారబ్బా. ఎంత అలో అన్నా పలకరు, నువ్వు సూడు" అని నా చేతికిచ్చింది. అది అలారం. అది మోగితే మాత్ర వేసుకోవాలని తెలియదా అంటే, "తెలుసు, అయినా పిలిచినోళ్ళెవురో సూడకుండా ఎట్ల ఉండేది?" అంది. మాత్ర ఇంట్లో ఉండిపోయింది. నేనక్కడ గట్టు మీదే అరిచేశాను. ఆటోలో మొక్కిన మొక్కు అంత మాత్రం నిలబడింది.

జాహ్నవి చిత్తూరు నుంచి వారానికి సరిపడా గళ్ళున్న ప్లాస్టిక్ డబ్బా తెచ్చింది. గడికి రెండు మాత్రలు. రెండు రోజులు బాగానే ఉంది. మూడో రోజు మూత తీస్తే ఒక గడిలో ఆవాలు, ఒక గడిలో జీలకర్ర, ఇంకొక గడిలో మెంతులు. "ఇంత సక్కటి పోపుల డబ్బా మాత్రలకెందుకు పాపా?" అని అడిగింది కోడల్ని. మాత్రలన్నీ ఒక కాగితంలో చుట్టి దేవుడి పటం వెనక పెట్టింది. దేవుడే వేసుకుంటాడనుకుందో ఏమో.

నాకు నవ్వు రావడం మానేసింది. మళ్ళీ పొయ్యి గట్టు మీద మాత్రలు కనపడడం మొదలైంది. కొన్ని పూటలు నేను తరిమి మింగించేవాణ్ణి, కొన్ని పూటలు తప్పేవి. ఆమె చెంబు పట్టుకుంటే చాలు, జారిపోతుందేమోనని నా ప్రాణం ఆ చేతి మీదే ఉండేది.

మళ్ళీ డాక్టరమ్మ దగ్గరకు పోయిన రోజు నేను ఆగలేకపోయాను. "మీరే చెప్పండమ్మా దీనికి! నా మాట ఇంటాదా, కొడుకు మాట ఇంటాదా! గొడ్డుకైనా చెప్పొచ్చు..." అని మొదలుపెట్టాను. బయట వరసలో కూర్చున్నవాళ్ళు తలుపులోంచి తొంగి చూశారు.

"పెద్దాయనా, ముందు మీరు కూర్చోండి. ఆ చెయ్యి ఇటివ్వండి" అంది డాక్టరమ్మ.

"నాకెందుకమ్మా? నేను రాయి మాదిరి ఉండాను."

ఆమె వినలేదు. పట్టీ కట్టి గాలి కొట్టింది. చూసింది. కాసేపు ఊరుకోమని, మళ్ళీ కొట్టి చూసింది. "మీ ఆవిడకన్నా మీకే ఎక్కువుంది. ఇవాళ్టి నుంచి మీరూ వేసుకోవాలి" అంది.

నేను ఏదో అనబోయి దేవకమ్మ ముఖం చూశాను. తన చెయ్యి పడిపోయిన రోజు కూడా ఆ ముఖంలో అంత భయం లేదు. ముందుకొచ్చి డాక్టరమ్మ బల్ల పట్టుకుని నిలబడింది. మాత్ర తినకముందా, తిన్నాకా? వేణ్ణీళ్ళా, చన్నీళ్ళా? కాఫీ తాగొచ్చా? ఊరగాయ? ఎండలో తోటకు పోవచ్చా? అన్నీ అడిగింది. తన జబ్బు గురించి ఇన్నేళ్ళలో ఒక్క ప్రశ్న అడిగి ఎరగదు. ఇంటికొచ్చీ రాగానే మామిడికాయ ఊరగాయ జాడీ ఎత్తుకుపోయి నాగులమ్మకిచ్చేసింది.

మర్నాడు పొద్దున నేను ముఖం కడుక్కుంటున్నాను. వెనక నుంచి "నోరు తెరువు" అని వినిపించింది. చేతిలో చెంబు, అరచేతిలో మాత్ర. సాయంత్రం తోట నుంచి వచ్చి చెప్పులు విడవకముందే మళ్ళీ "నోరు తెరువు." అలారం లేదు, ఆవు లేదు, కోడలు గుర్తు చేయడం లేదు. నా మాత్ర గుర్తుండడానికి ఆమెకు ఏదీ అక్కర్లేదు. అలా ఒకరోజు మింగి, చెంబు లోపల పెట్టడానికి నేనే పోయాను. పొయ్యి గట్టు మీద ఆమె మాత్ర ఉంది.

"నీది?" అన్నాను.

"ఏసుకుంటాలే. నీది అయిపోయింది కదా" అని వంకాయలు తరగడంలో పడింది.

అప్పుడు నాకు అర్థమైంది. అది మతిమరుపు కానే కాదు. ఈమెకు గంగ గుర్తుంటుంది, నేను గుర్తుంటాను, నాగులమ్మ మనవడి పన్ను గుర్తుంటుంది. తనొక మనిషి ఉందని, ఆ మనిషికీ ఒక మాత్ర ఉందని గుర్తుండదు. పెళ్ళయి వచ్చినప్పటి నుంచి అందరికీ పెట్టి, ఆఖర్న గిన్నె అడుగున మిగిలింది తిని లేచిన మనిషి. మేమెవరమూ "నీకుందా?" అని అడగలేదు. నాకు ఏడుపొచ్చింది. వంకాయలు తరిగే మనిషి ముందు ఏడిస్తే బాగుండదని తువ్వాలుతో ముఖం తుడుచుకుని బయటకొచ్చేశాను.

మర్నాడు "నోరు తెరువు" అనగానే పళ్ళు బిగించాను.

"ఏందబ్బా?"

"నీది యాడ?"

"లోపల ఉండాది."

"తెచ్చుకో. నువ్వు మింగితే నేను మింగతా."

"ఏంది నీ ఏషాలు? నాకన్నా నీకే ఎక్కువని చెప్పినాది డాక్టరమ్మ. మింగు!"

"మింగను."

"ఓ జాహ్నవీ, సూడు మీ మామ సంగతి! బీపీ పెట్టుకొని మొండికేస్తా ఉండాడు!"

జాహ్నవి బడికి జడ వేసుకుంటోంది. ఒక్క చూపులో ఆ పిల్లకు నా కిటుకు తెలిసిపోయింది. "నేనేం చేసేది అత్తా? మామ మీకన్నా మొండి" అని పక్కకు తిరిగి నవ్వింది. దేవకమ్మ నన్ను తిడుతూనే లోపలికి పరుగెత్తింది, తన మాత్ర తెచ్చి నా కళ్ళ ముందు మింగి, నాలుక చాపి చూపించింది. "సాలా? ఇంగ నువ్వు మింగు సామీ!"

ఆ రోజు నుంచి మాకు ఇదే పద్ధతి. తిట్లు కూడా రెండు పూటలా ఉంటాయి. చిత్తూరుకు పోతే ఇద్దరికీ బీపీ దిగిందని చెప్పింది డాక్టరమ్మ.

మొన్న నా స్నేహితుడు బాలచంద్ర గట్టు మీద జారిపడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. కట్టు కట్టించడానికి పుత్తూరు తీసుకుపోయాను. అక్కడ జనం ఎక్కువ, మా వంతు వచ్చేసరికే ఆలస్యమైంది. తిరిగొచ్చేటప్పుడు బస్సు దారిలో చెడిపోయింది. నా ఫోన్లో చార్జింగ్ లేదు. ఇల్లు చేరేసరికి బాగా చీకటి పడింది. గుమ్మంలోనే జాహ్నవి ఎదురైంది.

"అత్త మాత్ర ఏసుకోలేదు మామా. మీరొస్తేనే అంటా ఉండాది. నేను, ఆయన ఎంత చెప్పినా ఇనలేదు."

దేవకమ్మ తిన్నె మీద కూర్చుని ఉంది. అరచేతిలో రెండు మాత్రలు, నాదీ తనదీ. ఎంతసేపు పట్టుకుందో ఏమో, చెమటకు అరచేయి తడిసి ఉంది. నా గొంతు లేచింది. ఈసారి వీధి చివరి దాకా వినపడి ఉంటుంది.

"నీకు బుద్ధుందా మే? నేను ఇప్పుడొచ్చినా కాబట్టి సరిపోయె. రేపు నేను పోతే ఏం చేస్తావు? అప్పుడు కూడా ఇట్నే చేతిలో పెట్టుకొని కూసుంటావా?"

ఆమె కోప్పడలేదు. తల ఎత్తి నన్ను చూసింది.

"నువ్వు మింగల్లనే కదబ్బా నేను మింగతా ఉండేది. నువ్వే లేనప్పుడు నాకెందుకది?"

ఊళ్ళో అందరికన్నా పెద్ద గొంతు నాది, ఆ పూట ఎటు పోయిందో పోయింది. పక్కన కూలబడ్డాను. నేనేదో తెలివి చేసి ఆమె చేత మాత్ర మింగిస్తున్నానని ఇన్నాళ్ళూ లోలోపల మురిసిపోయాను. ఆమె ప్రాణాన్ని తీసుకొచ్చి నా ప్రాణానికి కట్టానని అప్పుడు తెలిసింది.

"సరే మే. నేను పోను" అన్నాను.

"అది మన చేతిలో ఉండాదా ఏందబ్బా?"

"మన చేతిలో ఉండేది ఇదొకటే. నోరు తెరువు."

ఆమె అరచేతిలో నుంచి ఒకటి తీసి ఆమె నోట్లో వేశాను. రెండోది ఆమె నా నోట్లో వేసింది. జాహ్నవి చెంబుతో నీళ్ళిచ్చింది, ఇద్దరం అదే చెంబుతో తాగాం.

"లేయ్, సంగటి సల్లారిపోయింది" అంది దేవకమ్మ.

కూరలో ఉప్పు లేదు. ఏమీ అనకుండా తిన్నాను. తింటూ తింటూ గట్టిగా అనుకున్నాను, ఇంక నాకు చచ్చే తీరిక లేదు. పొద్దున ఒక మాత్ర ఉంది, సాయంత్రం ఇంకొకటి ఉంది.